బంగారు గోడలు, సున్నపు గోడలు

బేతనియలో ఒక స్త్రీ యేసు మీద అచ్చ జటామాంసి అత్తరు పోసింది. దాని ఖరీదు మూడు వందల దేనారాలు. ఆ రోజుల్లో కూలివాడికి దినానికి ఒక దేనారం. అంటే దాదాపు ఏడాది కూలి ఒక్క పూటలో ఒలికిపోయింది. దీన్ని అమ్మి పేదలకు పంచకూడదా అన్న ప్రశ్న అక్కడికక్కడే లేచింది. అడిగినవాడు యూదా అనీ, పేదల మీద ప్రేమతో కాక డబ్బు సంచి తన దగ్గరుంది గనక అడిగాడనీ యోహాను రాశాడు. మత్తయి మాత్రం ఆ ప్రశ్నను శిష్యులందరి నోటా పెట్టాడు. యేసు ఆ స్త్రీ పక్షమే వహించాడు. అయినా ప్రశ్న చావలేదు. చర్చి గోడకు బంగారు పూత కావాలా, సున్నం చాలా అని క్రైస్తవులు వాదించుకున్న ప్రతిసారీ అది మళ్లీ తల ఎత్తింది.

కతోలిక దేవాలయమంటే పునీతుల స్వరూపాలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి ధూపం, పూత పూసిన పీఠం. ప్రొటెస్టంట్ మందిరమంటే తెల్లగోడలు, ఒక బల్ల, ఒక బైబిలు, మహా అయితే ఒక సిలువ. మనలో చాలామంది మనసులో ఉన్న చిత్రం ఇదే. ఇందులో నిజం లేకపోలేదు. కానీ చరిత్ర తిరగేస్తే గీత ఇంత తిన్నగా కనిపించదు. ఆడంబరానికి, నిరాడంబరానికి మధ్య తగవు రెండు శాఖల మధ్య ఎంత నడిచిందో, ఒక్కో శాఖ లోపలా అంతే నడిచింది. ఇంకో విశేషం, రెండు పక్షాలూ పేదవాడి పేరే చెప్పాయి. అలంకరణ వద్దన్నవాళ్లు వాడి కడుపు చూపించారు, కావాలన్నవాళ్లు వాడి కళ్లు చూపించారు.

ఇంట్లో పుట్టిన తగవు

తొలి క్రైస్తవులు ఎక్కువగా ఇళ్లలోనే కూడేవారు. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున దురా యూరోపస్ అనే పాత కోట పట్నం ఉంది. అక్కడి తవ్వకాల్లో 3వ శతాబ్దపు ఆరాధన ఇల్లు ఒకటి బయటపడింది. బాప్తిస్మమిచ్చే గది గోడల మీద మంచి కాపరి, నీళ్ల మీద నడిచే యేసు, సమాధి దగ్గరికి వెళ్లే స్త్రీలు చిత్రించి ఉన్నారు. తొలి సంఘానికి బొమ్మలే తెలియవన్న మాట దీనితో నిలవదు. తొలినుంచీ వైభవమే ఉందన్న మాటా నిలవదు, ఎందుకంటే అది ఒక మామూలు ఇల్లు. 313 తర్వాత కాన్‌స్టంటైన్ చక్రవర్తి అండతో పెద్ద పెద్ద బాసిలికాలు లేచాయి. రాజుగారి డబ్బుతో పాటు తగవూ లోపలికి వచ్చింది.

4వ శతాబ్దం చివర జాన్ క్రిసోస్తోమ్ తన ప్రసంగంలో సూటిగా హెచ్చరించాడు: లోపల క్రీస్తుకు పట్టుబట్టలు కప్పి, బయట చలికి వణుకుతున్న క్రీస్తును వదిలేయకండి. దాదాపు అదే కాలంలో మిలాన్ బిషప్ ఆంబ్రోస్ చర్చి బంగారు పాత్రలు కరిగించి, ఆ సొమ్ముతో యుద్ధ ఖైదీలను విడిపించాడు. సంఘానికి బంగారం ఉన్నది దాచడానికి కాదన్నది ఆయన సమాధానం. ఇద్దరూ కతోలికులు పునీతులుగా కొలిచేవారే.

రెండో వైపు వాదన 600 ప్రాంతంలో పోపు మొదటి గ్రెగరీ కలం నుంచి వచ్చింది. మార్సే బిషప్ సెరెనస్ తన చర్చిలో బొమ్మలు పగలగొట్టించాడు. బొమ్మను పూజించడం తప్పని గ్రెగరీ ఒప్పుకున్నాడు. అయితే చదువు వచ్చినవాడికి పుస్తకం ఎలాగో, రానివాడికి గోడమీది బొమ్మ అలాగని జవాబు రాశాడు. అక్షరం అందనివాడి నుంచి బొమ్మ కూడా లాక్కుంటే వాడికి మిగిలేదేమిటి? పశ్చిమ ఐరోపా చర్చి కళకు వెయ్యేళ్లపాటు అండగా నిలిచిన వాదన ఇదే.

12వ శతాబ్దంలో ఈ రెండు మాటలూ ఫ్రాన్సులో ఎదురెదురు పడ్డాయి. క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ 1125 ప్రాంతంలో క్లూనీ మఠాల ఆర్భాటం మీద ఘాటుగా రాశాడు. చర్చి గోడలు తళతళలాడుతుంటే పేదలు ఆకలితో ఉన్నారని, రాళ్లకు బంగారం తొడిగి బిడ్డలను దిగంబరంగా వదిలేశారని ఆయన ఫిర్యాదు. ఆయన శాఖ సిస్టెర్షియన్ మఠాల్లో శిల్పాలు, రంగుటద్దాలు నిషేధం. బుర్గుండీలోని ఫోంతెనే మఠం ఇప్పటికీ ఆ పద్ధతికి సాక్ష్యం: ఉత్త రాయి, ఉత్త వెలుతురు. పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజే దారి వేరు. 1144లో ప్రతిష్ఠించిన తన కొత్త పీఠభాగాన్ని రంగుటద్దాలతో నింపాడు. క్రీస్తు రక్తం ఉంచే పాత్రకు బంగారమూ రత్నాలూ కూడా తక్కువేనని వాదించాడు. గోథిక్ శైలి అక్కడ మొదలైందని చరిత్రకారుల మాట.

బెర్నార్డ్ మాటల్లో ఒక మినహాయింపును మాత్రం చాలామంది గమనించరు. తన ఆక్షేపణ సన్యాసుల మఠాలకే అన్నాడాయన. సామాన్య జనాన్ని నడిపించాల్సిన బిషప్పుల చర్చిల సంగతి వేరని, అక్కడ కంటికి కనిపించే అలంకారం అవసరం కావచ్చని ఒప్పుకున్నాడు. అంటే ఆయన లెక్కలో నిరాడంబరం భక్తిలో ముదిరినవారి వ్రతం. దాన్ని అందరికీ చట్టం చేసింది తర్వాత వచ్చినవారు.

సున్నం పూసిన రోజులు

రోములో కొత్త సెయింట్ పీటర్స్ బాసిలికాకు 1506లో శంకుస్థాపన జరిగింది. దాని ఖర్చు కోసం అమ్మిన పాపపరిహార పత్రాలే 1517లో మార్టిన్ లూథర్ తిరుగుబాటుకు కారణమయ్యాయి. అంత ధనవంతుడైన పోపు పేద విశ్వాసుల డబ్బు బదులు తన సొంత డబ్బుతో ఆ చర్చి కట్టుకోకూడదా అని తన 95 వాదాల్లో ఒకచోట లూథర్ అడిగాడు. సంస్కరణోద్యమానికి నిప్పంటించిన వివాదం వెనక ఒక చర్చి కట్టుబడి లెక్క ఉందన్నమాట.

అయితే బొమ్మల విషయంలో సంస్కర్తలు ఒక్క మాట మీద లేరు. 1522లో విటెన్‌బర్గ్‌లో లూథర్ సహచరుడు కార్ల్‌స్టాట్ బొమ్మలు తీసేయాలని పట్టుబడితే లూథర్ అజ్ఞాతం నుంచి తిరిగివచ్చి ఆ దూకుడుకు అడ్డుకట్ట వేశాడు. ముందు మనసులోంచి విగ్రహం పోవాలి, గోడమీది బొమ్మను బలవంతంగా లాగేస్తే లాభం లేదన్నది ఆయన అభిప్రాయం. అందుకే లూథరన్ ప్రాంతాల్లో పాత కళ చాలావరకు బతికింది. న్యూరెంబర్గ్ సెయింట్ లోరెంజ్ చర్చిలో వైట్ స్టోస్ చెక్కిన మరియమ్మ శుభవార్త శిల్పం నేటికీ వేలాడుతోంది. విటెన్‌బర్గ్ చర్చి పీఠం మీద 1547 నాటి క్రానాక్ చిత్రాలున్నాయి, వాటిలో లూథరే ప్రసంగిస్తూ కనిపిస్తాడు.

జ్యూరిక్ వేరే దారి పట్టింది. 1524 వేసవిలో నగర సభ ఆజ్ఞతో వడ్రంగులు, తాపీపనివాళ్లు చర్చిల్లోకి వెళ్లి తలుపులు మూసుకున్నారు. కొన్ని రోజుల్లో బొమ్మలు దిగాయి, గోడలకు సున్నం పడింది. బొమ్మలు చేయించి ఇచ్చిన కుటుంబాలు కావాలంటే తమవి తీసుకెళ్లవచ్చన్నారు. చెక్కబొమ్మకు పెట్టే సొమ్ము దేవుని నిజమైన ప్రతిరూపమైన పేదవాడికి చెందాలని అక్కడి సంస్కర్త జ్వింగ్లీ వాదించాడు. అది మాటల్లోనే మిగిలిపోలేదు. 1525లో జ్యూరిక్ బీదల సహాయానికి కొత్త ఏర్పాటు చేసి, మఠాల ఆస్తులను అందుకు మళ్లించి, రోజూ గంజి పోసింది. సున్నపు గోడకు నైతిక బలం ఎక్కడైనా ఉందంటే అది ఆ గంజిలో ఉంది.

1566 ఆగస్టులో నెదర్లాండ్స్ ప్రాంతంలో ఆ క్రమశిక్షణ లేదు. ఫ్లాండర్స్‌లో మొదలైన విగ్రహ విధ్వంసం పది రోజుల్లో ఆంట్వెర్ప్ పెద్ద చర్చిని చేరింది. అక్కడ పగిలిన వాటిలో తరాల తరబడి వృత్తిసంఘాలు చందాలు వేసుకుని చేయించుకున్న పీఠాలూ ఉన్నాయి. ధనవంతుల ఆర్భాటం మీద కోపంతో ఎత్తిన సుత్తి పనివాళ్ల కష్టార్జితం మీద కూడా పడింది.

చూపు ఎటు తిరగాలి?

డబ్బు గొడవ ఒకటైతే, సిద్ధాంతం ఇంకొకటి. కతోలికులకు దివ్యబలిపూజలో అప్పం, ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయి, పూజ ముగిశాక కూడా దివ్యసత్ప్రసాదం మందసంలో ఉంటుంది. కాబట్టి ఖాళీ చర్చి కూడా ఖాళీ కాదు. ఉండేవాడి స్థాయికి తగినట్టు ఇల్లు ఉండాలన్న భావన అక్కడ సహజం. మరో సంస్కర్త కాల్విన్ బాటలో నడిచిన ప్రొటెస్టంట్ సంఘాలకు చర్చి అంటే కూడిన జనం. వాళ్లు వెళ్లిపోతే మిగిలేది నాలుగు గోడలే. పది ఆజ్ఞల లెక్కలోనూ తేడా ఉంది. విగ్రహాలు చేయకూడదన్న మాటను కతోలికులు, లూథరన్లు మొదటి ఆజ్ఞలో భాగంగా కలిపి చదువుతారు. కాల్విన్ సంఘాలు దాన్ని విడిగా రెండో ఆజ్ఞగా నిలబెడతాయి. బోధనలో ఒక ఆజ్ఞకు విడి స్థానం దొరికితే దాని బరువు పెరగడం మామూలే.

ఈ తేడా కట్టుబడిలోకి దిగింది. 1544లో టోర్గౌ కోటలో లూథర్ ప్రతిష్ఠించిన చిన్న చాపెల్, ప్రొటెస్టంట్ ఆరాధన కోసమే కట్టిన తొలి మందిరంగా పేరుపొందింది. దాంట్లో ప్రసంగ వేదిక గోడ నడుమ, జనానికి చేరువగా ఉంటుంది. పారిస్ దగ్గర షరాంతోన్‌లో 1623లో హ్యూగెనాట్లు, అంటే ఫ్రెంచి ప్రొటెస్టంట్లు, కట్టుకున్న మందిరం పెద్ద దీర్ఘచతురస్రపు హాలు, చుట్టూ అంతస్తులుగా గ్యాలరీలు. వేలమందికి వాక్యం వినబడాలన్నదే దాని లక్ష్యం. 1685లో ఫ్రాన్సు రాజు దాన్ని కూల్పించాడు. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్ చర్చిలను మళ్లీ కట్టిన క్రిస్టఫర్ రెన్ కూడా ఇదే కొలత పట్టుకున్నాడు. కతోలికులకు పూజ చప్పుడు చెవినపడి, అప్పం ఎత్తడం కంటపడితే చాలునేమో గానీ తమ చర్చిలో ప్రతివాడికీ వినబడాలి, కనబడాలి అన్నాడు.

కతోలికుల జవాబు త్రెంతు మహాసభ నుంచి వచ్చింది. 1563 డిసెంబరులో ఆ సభ బొమ్మలు ఉండాలని తీర్మానించింది. గౌరవం బొమ్మకు కాక బొమ్మ సూచించే వ్యక్తికి చేరుతుందని స్పష్టం చేస్తూనే మూఢాచారం, అశ్లీలత, డబ్బు కక్కుర్తి కూడదంది. ఆ తర్వాత 1568లో రోములో మొదలైన జెస్విట్ల గెసూ చర్చిని చూస్తే ఒక ఆశ్చర్యం కలుగుతుంది. అడ్డు స్తంభాలు లేని విశాలమైన నడవ, ఎక్కడ కూర్చున్నా పీఠం కనిపించే అమరిక, ప్రసంగం వినబడే ఏర్పాటు. వినికిడి గురించిన ఆరాటం అటువైపూ ఉంది. మొదట్లో ఆ చర్చి లోపలిభాగం సాదాగానే ఉండేది. ఈనాడు యాత్రికులు మెడ ఎత్తి చూసే పైకప్పు చిత్రాలు 1670లలో వచ్చినవి. ఇక ముఖద్వారం మీద పెద్దక్షరాల్లో ఉన్నది ఖర్చు భరించిన కార్డినల్ ఫార్నీసే పేరు.

నిరాడంబరం ఎవరి ఎంపిక?

సాదా చర్చి చూడగానే అది విశ్వాసం కోరిన సాదాతనమని అనుకుంటాం. చాలాచోట్ల అది చట్టం విధించిన సాదాతనం. 1648 శాంతి ఒప్పందం తర్వాత సైలీషియా లూథరన్లకు కతోలిక చక్రవర్తి మూడు చర్చిలకు అనుమతి ఇచ్చాడు. షరతులు విచిత్రమైనవి: కట్టె, మట్టి, గడ్డి తప్ప ఏమీ వాడకూడదు, ఊరిగోడ బయట ఉండాలి, గోపురం కూడదు, ఏడాదిలో ముగించాలి. వాటిలో యావోర్, ష్విద్‌నిత్సా చర్చిలు నేటి పోలండ్‌లో నిలిచి ఉన్నాయి, 2001లో యునెస్కో జాబితాకెక్కాయి. బయటి నుంచి చూస్తే పెద్ద ధాన్యపు కొట్టాల్లా ఉంటాయి. లోపలికి అడుగుపెడితే గ్యాలరీల నిండా చిత్రాలు, పూత పూసిన చెక్కడాలు, రంగుల పైకప్పు. స్వేచ్ఛ దొరికిన చోట ఆ లూథరన్లు ఎంచుకున్నది వైభవాన్ని.

డచ్చి దేశంలో ఇదే కథ తిరగబడింది. కతోలిక పూజ బహిరంగంగా నిషేధం గనక ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి ఒకరు 1660లలో తన ఇంటి అటకమీద దేవాలయం కట్టించాడు. వీధికి అది ఉత్త ఇల్లు, లోపల సకల హంగుల పూజాస్థలం. అదే దేశంలో సాన్రెడామ్ చిత్రించిన తెల్లటి చర్చిలు నిరాడంబరానికి ప్రతీకలుగా ప్రపంచమంతా పేరు పొందాయి. అయితే ఆయన గీసిన హార్లెమ్ సెయింట్ బావో చర్చిలోనే 1738లో పైకప్పును అందుకునే పూత పూసిన మహా ఆర్గన్ వెలిసింది. పదేళ్ల మొజార్ట్ వచ్చి దాన్ని వాయించాడు. గోడలమీద వద్దన్నది చెవిదారిన వచ్చింది.

గోడలు సమానంగా తెల్లగా ఉన్నంత మాత్రాన కింద కూర్చున్నవాళ్లు సమానం కారు. న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల కూటపు మందిరాలు, ఉదాహరణకు 1681లో హింగమ్‌లో కట్టిన ఓల్డ్ షిప్, కంటికి ఎంతో నిరాడంబరం. అలాంటి మందిరాల్లో వయసు, ఆస్తి, హోదా బట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలో పెద్దలు నిర్ణయించేవారు. తర్వాత కాలంలో బల్లలను కుటుంబాలకు అమ్మారు, అద్దెకిచ్చారు. బల్ల అద్దె ఇంగ్లండ్‌లోనూ, అమెరికా కతోలిక చర్చిల్లోనూ ఉంది. కతోలిక ఐరోపాలో ధనవంతుడు పక్క చాపెల్ కట్టించి ఇంటి గుర్తు చెక్కించుకున్నాడు. సాదా మందిరంలో ముందు వరుస కొనుక్కున్నాడు. శైలి మారింది గానీ గర్వం కొత్త చోటు వెతుక్కుంది.

గోడలు దాటిన అభిరుచులు

గత మూడు వందల ఏళ్లలో రెండు శాఖల అభిరుచులూ పలుమార్లు తారుమారయ్యాయి. 1743లో పూర్తయిన డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్హ లూథరన్ చర్చి, బరోక్ వైభవంలో ఏ కతోలిక బాసిలికాకూ తీసిపోదు. 1945 బాంబుదాడిలో కూలి, 2005లో మళ్లీ లేచింది. 19వ శతాబ్దంలో కతోలికుడిగా మారిన ఇంగ్లిషు వాస్తుశిల్పి ప్యూజిన్ గోథిక్కే నిజమైన క్రైస్తవ శైలి అన్నాడు. ఆ పిలుపును అందిపుచ్చుకున్నది ఎక్కువగా ఆంగ్లికన్లే. తర్వాత మెథడిస్టులు కూడా అదే బాట పట్టారు.

కతోలికుల మలుపు 1963లో వచ్చింది. రెండో వాటికన్ మహాసభ ఆరాధన శాసనం ఆర్భాటం కంటే ఉదాత్తమైన అందాన్ని కోరుకోమంది. బలిపీఠాలు గోడల నుంచి విడివడి జనానికి దగ్గరయ్యాయి, గురువు జనం వైపు తిరిగాడు, చాలా విచారణల్లో స్వరూపాల సంఖ్య తగ్గింది. తాతల నాటి పీఠాలు తీసేసినప్పుడు బాధపడి ఎదురు తిరిగినవారూ విశ్వాసులే. మా పేదరికంలో మాకున్న ఒకే ఒక్క అందమైన చోటును ఎవరిని అడిగి మార్చారన్నది వాళ్ల కోపం. ఇందులోనూ గ్రెగరీ గొంతు వినిపిస్తుంది.

ఈ తారుమారుకు పరాకాష్ఠ కాలిఫోర్నియాలో ఉంది. 1955లో డ్రైవ్-ఇన్ సినిమా ఆవరణలో ప్రసంగాలు మొదలుపెట్టిన రాబర్ట్ షూలర్ 1980లో పదివేలకు పైగా అద్దాలతో క్రిస్టల్ కెథడ్రల్ కట్టించాడు. ఆయన సంఘం కాల్విన్ సంప్రదాయానిది. 2010లో ఆ సంస్థ దివాలా తీసింది. 2012లో ఆరెంజ్ కతోలిక మేత్రాసనం 5.75 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో ప్రతిష్ఠకు ముందు కతోలికులు చేసిన పనుల్లో ఒకటి, ఆ అద్దాల మిరుమిట్లను తగ్గించే పలకలు బిగించడం. సంస్కరణ వారసులు కట్టిన తళుకును రోము వారసులు మసకబార్చారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో పారిస్ నోత్రదామ్ కాలింది. ధనిక కుటుంబాలు రోజుల్లోనే కోట్ల యూరోలు ప్రకటించాయి. చివరికి విరాళాలు 84 కోట్ల యూరోలు దాటాయి. రాళ్లకు ఇంత డబ్బుంటే మాకెందుకు లేదని అప్పటికే వీధుల్లో ఉన్న పసుపు చొక్కాల ఉద్యమకారులు నిలదీశారు. వారిలో చాలామందికి చర్చితో పనే లేకపోవచ్చు, అయినా వేసింది పాత ప్రశ్నే.

గుండ్లకమ్మ నుంచి మెదక్ దాకా

తెలుగు నేల మీద ఈ చర్చ కరువుతో ముడిపడింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంత పెద్ద ఘట్టానికి కట్టడం అక్కరలేకపోయింది, నది చాలింది.

మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఇంకోలా ఆలోచించాడు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి పనిలో కరువు బాధితులకు కూలి, తిండి దొరికాయన్నది అక్కడ తరాలుగా చెప్పుకునే మాట. 175 అడుగుల గోపురం, ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు, నునుపైన నేల పలకలు. ప్రసంగానికే పెద్దపీట వేసే మెథడిస్టుల నుంచి వచ్చిన ఈ కట్టడం చాలా కతోలిక దేవాలయాల కంటే వైభవంగా ఉంటుంది. ఒక కరువు కూలి కాలువైంది, ఇంకొకటి కెథడ్రల్ అయింది. కాలువ ఉపయోగం అందరికీ కనిపిస్తుంది. కానీ ఊరి గుడి గడప తొక్కనివ్వని కులాల నుంచి వచ్చినవాళ్లు అంత ఎత్తు గోపురం కింద తలెత్తుకుని నడవడాన్ని ఏ కొలతతో కొలుస్తాం? తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులన్న సంగతి మరిచి మెదక్‌ను దుబారా అనేయడం తొందరపాటు.

దోర్నకల్‌లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య మూడో దారి తొక్కాడు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌లో హిందూ దేవాలయ స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినార్ల పోకడలు కలిశాయి. కళ్లకు పరాయిగా కనిపించకూడదన్నది ఆయన తపన. విజయవాడ గుణదల కొండ మీద మరియమాత దగ్గరికి ఫిబ్రవరిలో వచ్చేవారు తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అందులో క్రైస్తవేతరులూ ఎందరో. మరోపక్క భక్తసింగ్ హైదరాబాదులో నెలకొల్పిన హెబ్రోను, ఆ ఒరవడి సహవాసాలు చాపల మీద కూర్చునే సాదా హాళ్లు. చాప మీద ముందు వరుసను అమ్మడం కష్టం. ఆ మేరకు ఆ నిరాడంబరం బల్లల కంటే నిజాయితీ గలది.

కొలబద్ద

ఇంతా చూశాక తేలేదేమిటి? బంగారం భక్తికి రుజువు కాదు, సున్నమూ కాదు. గ్రెగరీ మాటా నిజమే, బెర్నార్డ్ మాటా నిజమే, ఎందుకంటే పేదవాడికి కడుపూ ఉంది, కళ్లూ ఉన్నాయి. శైలిని బట్టి తీర్పు చెప్పలేనప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మూడు. డబ్బు ఎవరిది, ఇష్టపడి ఇచ్చారా? కట్టేటప్పుడు ఆ సంఘంలో బీదవాడి మాట విన్నారా? కట్టాక వాడు ఎక్కడ కూర్చుంటున్నాడు? ఆంట్వెర్ప్ పనివాళ్ల పీఠం మొదటి ప్రశ్నకు నిలుస్తుంది, పాపపరిహార పత్రాల మీద లేచిన బాసిలికా నిలవదు. రెండో ప్రశ్న పాత పీఠాలు ఊడబెరికిన సంస్కర్తలకూ ఎదురవుతుంది. మూడోదాని దగ్గర తెల్లగోడల మందిరాలు చాలా తడబడతాయి.

ఇవాళ మన ఊళ్లలో పెంకుటి చర్చిలు పడగొట్టి స్లాబు చర్చిలు లేపుతున్నారు. ఒక్క బొమ్మా లేకుండానే, పెద్ద స్క్రీన్లకూ సౌండు సిస్టమ్‌కూ లక్షలు ఖర్చుచేసే మందిరాలూ వస్తున్నాయి. వాటిని ప్రొటెస్టంట్ నిరాడంబరం అనుకోవడం పొరపాటు, ఆర్భాటం ప్లగ్గు పెట్టుకుని వచ్చిందంతే. కతోలిక విచారణ అయినా, సీఎస్ఐ సంఘమైనా, స్వతంత్ర సహవాసమైనా నమూనా గీయించే ముందు లెక్కల పుస్తకం సంఘం ముందు పెట్టాలి, కూలి డబ్బులో దశమభాగం ఇచ్చే మనిషిని కమిటీలో కూర్చోబెట్టాలి. ఆ తర్వాత రంగుటద్దాలు పెట్టుకున్నా, సున్నం కొట్టుకున్నా ఆ చర్చి వాళ్లది.